వైరు, లగ్గు, డై: ఇంటి వైరింగులో క్రింపింగ్ గట్టిగా రావాలంటే

డీబీ (ఇంట్లో ఎంసీబీలుండే కరెంటు పంపిణీ బోర్డు) తెరిచి చూస్తే వైరు నడిమధ్యలో మాడి ఉండడం అరుదు. మాడేది కొసలోనే. స్క్రూ దగ్గరో, లగ్గు (వైరు కొసకు తొడిగి నొక్కే రాగి గొట్టం) మెడ దగ్గరో నల్లబడుతుంది. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల మీద సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఆ దారిలో ఒక లగ్గు సరిగ్గా నొక్కుకోక 0.1 ఓమ్ నిరోధం మిగిలిందనుకోండి. కరెంటును కరెంటుతో గుణించి, దాన్ని నిరోధంతో గుణిస్తే 7.6 వాట్లు వస్తాయి. చిటికెన వేలి గోరంత రాగి గొట్టంలో అంత వేడి పుడుతుంది. మామూలు పీవీసీ వైరు తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకునేలా తయారవుతుంది. వేడికి రాగి మీద ఆక్సైడ్ పొర పెరుగుతుంది, పొర పెరిగితే నిరోధం పెరుగుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. ఇంత జరుగుతున్నా ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే ఆపే బ్రేకర్) పడదు, ఎందుకంటే కరెంటు ఎక్కువ పోవడం లేదు. ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే ఆపే బ్రేకర్) కూడా పడదు, ఎందుకంటే ఎర్త్‌లోకి లీకేజీ లేదు. లూజు కాంటాక్టును పట్టుకునే బ్రేకర్ మామూలు ఇళ్లలో ఉండదు. మే నెలలో బెజవాడలో, గుంటూరులో రాత్రంతా ఏసీ ఆడే ఇంట్లో ఈ లోపం తొందరగా ముదురుతుంది.

లగ్గును వైరు మీద ఇలా నొక్కి బిగించడమే క్రింపింగ్, నొక్కే టూలు దవడల్లోని అచ్చు డై. అదే లగ్గును సరైన డైతో నొక్కితే నిరోధం 1 మిల్లీఓమ్ లోపే ఉంటుంది. అప్పుడు వేడి 0.1 వాటు కూడా దాటదు. నొక్కుడు బలానికి రాగి పోగులూ గొట్టమూ రూపం మారి ఒకదానిలోకి ఒకటి ఒదిగిపోతాయి. పోగుల మీది ఆక్సైడ్ పొర చిట్లి లోహం లోహాన్ని తాకుతుంది. మధ్యలో గాలి దూరే సందు ఉండదు. ఇలా రావాలంటే వైరు, లగ్గు, డై మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. మూడింట్లో ఏ ఒక్కటి తేడా వచ్చినా మిగతా రెండూ ఎంత ఖరీదైనవైనా లాభం లేదు. అందుకే మూడింటినీ ఒకే జతగా చూసి కొనండి.

ముందు కరెంటు ఆపండి

మీటరు, దానికి ముందున్న కటౌట్ (ఫ్యూజు), వాటి సీలు కరెంటు పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్ వాళ్లవి. వాటి జోలికి వెళ్లొద్దు. మీటరు తర్వాతి మెయిన్ స్విచ్ దగ్గర ఆపాలి. డీబీలోని ఐసోలేటర్ (డీబీ మొత్తాన్ని ఆపే స్విచ్) ఒక్కటే ఆపితే దానికి కరెంటు వచ్చే వైపు స్క్రూల్లో ఇంకా కరెంటు ఉంటుందని మరవొద్దు.

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపగానే లైట్ల సర్క్యూట్లోకి ఇన్వర్టర్ కరెంటు వస్తుంది. దాని స్విచ్ ఆపి, అవుట్‌పుట్ కూడా విడదీయండి. అపార్ట్‌మెంట్లలో జనరేటర్ లైను చాలాసార్లు వేరే దారిలో వస్తుంది, అదీ చూసుకోండి. టెస్టర్ వెలగలేదని ధైర్యపడొద్దు. మల్టీమీటరును ముందు కరెంటు ఉన్న సాకెట్‌లో పెట్టి పనిచేస్తోందని నిర్ధారించుకోండి. తర్వాత పని చేసే చోట ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ కొలవండి. మళ్లీ సాకెట్‌లో పెట్టి మీటరు బతికే ఉందని చూడండి. డీబీ లోపలి పని లైసెన్సున్న వైర్‌మన్ చేయాల్సిందే. మీరు ఇంటి యజమాని అయితే ఆ పనిని ఏ కొలతల మీద నిలదీసి చూడాలో కింద ఉంది.

వైరు సైజు కొసలో లెక్కపెట్టండి

షాపులో ఒకటిన్నర, రెండున్నర, నాలుగు, ఆరు అని అడుగుతాం. అవన్నీ చదరపు మిల్లీమీటర్లు. మన దగ్గర దొరికే సన్నపోగుల రాగి వైర్లలో సాధారణంగా పోగు మందం 0.3 మి.మీ. ఒకటిన్నర వైరులో 22 పోగులు, రెండున్నరలో 36, నాలుగులో 56, ఆరులో 84 ఉంటాయి. కంపెనీని బట్టి పోగు మందం మారితే లెక్కా మారుతుంది. అప్పుడు కాయిల్ అట్ట మీది అంకె చూడండి. తొడుగు మీద ముద్ర చెరిగిపోయినప్పుడు పోగుల లెక్కే మీకు ఆధారం. బయటి తొడుగు లావు చూసి సైజు చెప్పొద్దు. తొడుగు మందంగా పోసి రాగి తగ్గించిన వైర్లు ఉంటాయి.

పాత ఇళ్లలో వైర్లు గేజి లెక్కలో ఉంటాయి. 3/20 అంటే 20 గేజి పోగులు మూడు, మొత్తం సుమారు 1.97 చ.మి.మీ. 7/20 సుమారు 4.6. ఈ రెండింటికీ ఇప్పటి సైజుల్లో సరిజోడు లేదు. 1.97 వైరు నీలం లగ్గులో, 4.6 వైరు పసుపు లగ్గులో పట్టుకుంటాయి (ఈ రంగుల సంగతి కింద ఉంది). ఫెర్రూల్ (సన్నపోగుల వైరు కొసకు తొడిగే సన్నటి గొట్టం) మాత్రం వీటికి వేయొద్దు. లావుపాటి పోగులు మూడో ఏడో అయితే ఫెర్రూల్‌లో సందులు మిగులుతాయి. 1/18 ఒంటి తీగ, దానికి క్రింప్ లగ్గే వద్దు. ఒంటి తీగ రూపం మారి ఒదగదు, లోపల తిరుగుతూనే ఉంటుంది. దాన్ని నేరుగా స్క్రూ కింద బిగించడమే మేలు.

ఇంకో మాట. కొస గీకితే ఎర్రగా కాక తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం. పాత వైరింగుల్లో అది మామూలే. అలాంటి వైరుకు రాగి లగ్గు తగిలించొద్దు. అల్యూమినియం సంగతి కింద వేరుగా ఉంది.

ఏ చోట ఏ లగ్గు

మన వైర్‌మన్లు లగ్గు, థింబుల్ రెండు మాటలూ వాడతారు. షాపులో ఏది అడిగినా ఇస్తారు. ఆకారం మాత్రం మీరే చెప్పాలి.

ఎర్త్ బోల్టుకు, బస్‌బార్‌కు (చాలా వైర్లు కలిసే లోహపు పట్టీ) రింగ్ లగ్గే వేయాలి. స్క్రూ కొంచెం వదులైనా రింగ్ జారి బయటికి రాదు. ఎర్త్ కనెక్షన్ ఊడితే ఎవరికీ తెలియదు, షాక్ కొట్టిన రోజే తెలుస్తుంది. కాబట్టి ఎర్త్‌కు ఫోర్క్ (ఒక పక్క తెరిచి ఉన్న లగ్గు) వాడనివ్వొద్దు. బోరు మోటారు స్టార్టర్‌లో, కాంటాక్టర్‌లో స్క్రూ పూర్తిగా ఊడిరాని చోట ఫోర్క్ సరిపోతుంది.

ఎంసీబీలో, న్యూట్రల్ లింకులో (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ) వైరు రంధ్రంలోకి వెళ్లి స్క్రూ కింద నలుగుతుంది. సన్నపోగుల వైరును అలాగే పెడితే స్క్రూ కింద పోగులు చెదురుతాయి. కొన్ని బయటే ఉండిపోతాయి, కొన్ని తెగుతాయి. దానికి విరుగుడు ఫెర్రూల్. రంగు కాలర్, దానికి సన్నటి రాగి గొట్టం ఉంటాయి. ఫెర్రూల్ గొట్టం పొడవు 8, 12, 18 మి.మీ.లలో వస్తుంది. కొనే ముందు ఎంసీబీ రంధ్రం లోతు కొలవండి. రంధ్రం కన్నా గొట్టం పొడవైతే కరెంటు ఉన్న లోహం బయటికి కనిపిస్తుంది. మరీ పొట్టిదైతే స్క్రూ కొసను మాత్రమే నొక్కుతుంది. రంగును నమ్మొద్దు, ఎందుకంటే ఫెర్రూళ్లకు ఒకటికన్నా ఎక్కువ రంగుల పద్ధతులు చెలామణిలో ఉన్నాయి. జర్మన్ పద్ధతిలో ఒకటిన్నర నలుపు, రెండున్నర నీలం, నాలుగు బూడిద, ఆరు పసుపు. వేరే పద్ధతి పెట్టె చేతికొస్తే అదే రంగు ఇంకో సైజు అవుతుంది. పెట్టె మీది అంకె చూసి తీసుకోండి.

ఒక రంధ్రంలో రెండు వైర్లు పెట్టాల్సి వస్తే జంట ఫెర్రూల్ అడగండి, 2×1.5, 2×2.5 అని దొరుకుతుంది. రెండు వైర్లు మెలితిప్పి పెద్ద ఫెర్రూల్‌లో దూర్చడం తప్పు పద్ధతి. ఎంసీబీ కింద రెండు వైర్లు పెట్టడానికి దాని కంపెనీ ఒప్పుకుంటుందో లేదో కూడా చూసుకోవాలి.

ప్లాస్టిక్ తొడుగున్న రింగ్, ఫోర్క్ లగ్గుల రంగులు ఇవి: ఎరుపు 0.5 నుంచి 1.5, నీలం 1.5 నుంచి 2.5, పసుపు 4 నుంచి 6 చ.మి.మీ. పెట్టె మీద 2-5 అని ఉంటే దాన్ని రెండున్నర అని చదవొద్దు. మొదటి అంకె లగ్గు సైజు గుర్తు, రెండోది బోల్టు రంధ్రం. 1.25-4 అంటే ఎరుపు, ఎం4 (4 మి.మీ.) బోల్టుకు. 2-5 అంటే నీలం, ఎం5 బోల్టుకు. 5.5-6 అంటే పసుపు, ఎం6కు. అదే తొడుగులేని పెద్ద లగ్గు మీద 10-8 అని గుద్ది ఉంటే 10 చ.మి.మీ. వైరుకు, ఎం8 బోల్టుకు. షాపులో ఈ అంకెల మీద వచ్చే తికమక వల్లనే చాలామంది తప్పు లగ్గుతో ఇంటికి వస్తారు.

రంధ్రం బోల్టుకు సరిపోవాలి. ఎం5కు సుమారు 5.3 మి.మీ., ఎం6కు 6.4. చిన్నదైతే డ్రిల్లుతో పెంచొద్దు, అంచు రాగి తగ్గి అక్కడే వేడెక్కుతుంది. రింగును కత్తిరించి ఫోర్క్‌లా చేయడమూ అంతే. పెద్ద రంధ్రం ఉన్న లగ్గును చిన్న బోల్టుకు వాడితే రాగి మీద పట్టు తగ్గి, వాషరే కరెంటు మోయాల్సి వస్తుంది.

సరుకు మంచిదో కాదో

బెజవాడ గవర్నర్‌పేట, వన్‌టౌన్ షాపుల్లో అయినా గుంటూరు పట్నంబజారులో అయినా విడిగా పోగేసిన లగ్గులు, పేరున్న పెట్టె లగ్గులు రెండూ ఉంటాయి. డోవెల్స్, జైన్సన్ లాంటి పేర్లు వైర్‌మన్లకు తెలిసినవే. పేరు ఏదైనా కౌంటర్ దగ్గరే నాలుగు పరీక్షలు చేయండి.

జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. లగ్గుకు అంటుకుంటే అది తగరం పూత పూసిన ఇనుము, తిరిగి ఇచ్చేయండి. అంటుకోకపోతే మూలలో కత్తి మొనతో గీకండి. తగరం పూత కింద ఎర్రగా రాగి కనపడాలి. పసుపు పచ్చగా ఉంటే ఇత్తడి. గట్టిదనం ఎక్కువ కాబట్టి అది నొక్కుడుకు చీలుతుంది, కరెంటు కూడా రాగి అంత బాగా మోయదు. తర్వాత గొట్టం అతుకు చూడండి. రేకు చుట్టి వదిలేసిన లగ్గు అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. అతుకు బ్రేజింగ్ చేసినదో (వేరే లోహం కరిగించి అతికించినదో), అతుకే లేని గొట్టమో కావాలి. చివరికి గోటితో రింగ్ వంచి చూడండి. తేలిగ్గా వంగే పలచటి రేకు అయితే వద్దు.

తొడుగున్న లగ్గుల్లో పీవీసీ, నైలాన్ రెండు రకాలు. పీవీసీది చవక, కానీ గట్టి నొక్కుడుకు పగులుతుంది. నైలాన్ తొడుగు సాగుతుంది, ఎక్కువ వేడి తట్టుకుంటుంది. లోపల అదనపు రాగి పట్టీ ఉన్న రకం దొరికితే అది వైరు తొడుగును కూడా పట్టుకుంటుంది కాబట్టి మోటారు దగ్గర, అదురు ఉన్న చోట మేలు.

రెండు పడకగదుల ఇంటి డీబీకి ఎంత కావాలో ఇలా లెక్కేయండి. లైట్ల సర్క్యూట్లు మూడు ఒకటిన్నరతో, పవర్ ప్లగ్గులు మూడు రెండున్నరతో, ఏసీలు రెండు, గీజర్లు రెండు నాలుగుతో అనుకుందాం. ప్రతి సర్క్యూట్‌కు ఫేజ్ కొస ఎంసీబీలోకి, న్యూట్రల్ కొస లింకులోకి. అంటే ఒకటిన్నరవి 6, రెండున్నరవి 6, నాలుగువి 8. ఐసోలేటర్, ఆర్‌సీసీబీ మధ్య మెయిన్ వైర్ల కొసలు, ఎర్త్ కొసలు వేరుగా లెక్కేయాలి. ప్రతి సైజులోనూ కనీసం అయిదు అదనంగా తీసుకోండి. పరీక్షకు నొక్కి కోసి పారేయడానికి అవి కావాలి.

టూలు: ర్యాచెట్ లేనిది వద్దు

వైరు కత్తిరించేది, తోలు (వైరు తొడుగు) తీసేది, లగ్గు నొక్కేది అన్నీ ఒకే రేకు ప్లేయర్‌లో ఉన్నది చవకగా దొరుకుతుంది. 230 వోల్టుల పనికి అది వద్దు. అందులో నొక్కుడు ఎంత అన్నది పూర్తిగా మీ చేతి బలం మీదే ఆధారపడుతుంది. ఉదయం నొక్కిన లగ్గు ఒకలా, సాయంత్రం చెయ్యి అలిసిపోయాక నొక్కింది ఇంకోలా వస్తుంది. కట్టింగ్ ప్లేయర్‌తో చదును చేయడం, సుత్తితో కొట్టడం గురించి చెప్పనే అక్కర్లేదు. చదునైన గొట్టంలో పోగులు రెండు పక్కలకీ పారిపోతాయి, మధ్యలో రేకే రేకును తాకుతుంది.

ర్యాచెట్ టూలు పూర్తి నొక్కుడు అయ్యేదాకా తెరుచుకోదు. దాని విలువంతా అందులోనే ఉంది. మధ్యలో ఇరుక్కుపోతే విడిపించే చిన్న మీట ఉంటుంది. ఆ మీట వాడి తీసిన లగ్గును పారేయాలి.

ఒక టూలు అన్నిటికీ పనికిరాదు. తొడుగున్న ఎరుపు, నీలం, పసుపు లగ్గులకు ఒక డై. దాని మీద అవే రంగుల చుక్కలు ఉంటాయి. తొడుగులేని లగ్గులకు మధ్యలో గుంట పడేలా నొక్కే వేరే డై. తొడుగున్న లగ్గును ఆ గుంట డైలో పెడితే తొడుగు చిరిగిపోతుంది. ఫెర్రూల్‌కు నాలుగు వైపులా లేదా ఆరు వైపులా నొక్కే టూలు వేరు. సైజుకు తగ్గట్టు తనే సర్దుకునేది 6 లేదా 10 చ.మి.మీ. వరకు వస్తుంది. ఎంసీబీ రంధ్రంలో నలుపలకల నొక్కుడు బాగా కూర్చుంటుంది. 10 నుంచి పై లగ్గులకు పొడుగు చేతుల టూలు, ఇంకా పెద్దవాటికి చేతి హైడ్రాలిక్. అవి కొనాల్సిన పని లేదు. మీ వైర్‌మన్ దగ్గర ఉందా అని అడిగి పని ఇవ్వండి, లేదంటే అద్దెకు తెచ్చుకోమనండి.

ఒక్కటే కొనాలంటే డీబీ పనికి ఫెర్రూల్ టూలు కొనండి. ఇంట్లో ఎక్కువ కొసలు పోయేది ఎంసీబీల్లోకి, లింకుల్లోకే.

కొనేటప్పుడు ఖాళీగా మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. రెండు దవడలూ రెండు కొసల్లో ఒకేలా కలవాలి. ఒక పక్క తెరిచి ఉంటే ఇరుసు వంకర. టూలు పిడులు ఊపి చూస్తే ఇరుసు కదలకూడదు.

నొక్కే పద్ధతి

1. గొట్టం పొడవు కొలిచి, దానికి 1 మి.మీ. ఎక్కువ తోలు తీయండి. ఫెర్రూల్‌కు గొట్టం పొడవు మీద 2 మి.మీ. ఎక్కువ, ఎందుకంటే కాలర్ లోపల కొంత రాగి ఉండాలి. 8 మి.మీ. ఫెర్రూల్‌కు 10, 12 దానికి 14.

2. తోలు తీయడానికి స్ట్రిప్పర్‌లో ఆ సైజు గాడి వాడండి. పళ్లతో, బ్లేడుతో వద్దు. రెండున్నర వైరులో 36 పోగుల్లో 4 తెగితే రాగిలో పదో వంతు పైగా పోయినట్టే. సగం గాటు పడిన పోగు నొక్కేటప్పుడు తెగుతుంది. తెగిన పోగు కనబడితే ఆ కొస కోసేసి మళ్లీ మొదలెట్టండి.

3. పోగులకు వైరు తయారైనప్పటి మెలిక అలాగే ఉండనివ్వండి. గట్టిగా తిప్పితే పోగులు ఒకదాని మీదొకటి ఎక్కి లోపల ఖాళీలు మిగులుతాయి. సీసం పోయడం (సోల్డర్ చేయడం) అసలు వద్దు. సోల్డర్ మెత్తటి లోహం, స్క్రూ కింద నెలల తరబడి నెమ్మదిగా నలిగి జారుతుంది. బిగువు దానంతటదే పోతుంది.

4. వైరును పూర్తిగా లోపలికి తొయ్యండి. రింగ్, ఫోర్క్ లగ్గుల్లో గొట్టం అవతలి నోట్లో పోగులు 1 మి.మీ. కనపడాలి. పెద్ద మూతి లగ్గుల్లో పక్కన చిన్న కిటికీ రంధ్రం ఉంటుంది, అందులో రాగి కనపడాలి. ఇవతలి వైపు వైరు తోలు గొట్టం అంచుకు ఆనాలి, లోపలికి దూరకూడదు.

5. లగ్గును సరైన రంగు చుక్క గూట్లో పెట్టండి. తొడుగున్న లగ్గు డైలో రెండు పక్కలు ఉంటాయి. రాగిని నొక్కే పక్క రింగు వైపు, తోలును పట్టుకునే పక్క వైరు వైపు. తిరగేసి పెడితే రాగి మీద వదులుగా, తోలు మీద గట్టిగా పడుతుంది. గుంట డై అయితే అతుకు గుండ్రటి దవడ వైపు ఉండాలి, గుంట అతుకుకు ఎదురు వైపు పడాలి. అతుకు మీదే గుంట పడితే అది విచ్చుకుంటుంది.

6. ఒకే దమ్మున ర్యాచెట్ విడిచేదాకా నొక్కండి. పొడుగు మూతి పెద్ద లగ్గులకు రెండు మూడు నొక్కులు కావాలి. మొదటిది రంధ్రం ఉన్న రేకు వైపు, తర్వాతివి వైరు వైపుకు జరుపుతూ. నొక్కు మీద నొక్కు పడొద్దు.

7. స్క్రూ బిగించేటప్పుడు ఎంసీబీ ఒంటి మీది టార్క్ (తిప్పి బిగించే బలం) అంకె చూడండి. ఇంటి ఎంసీబీల్లో తరచుగా 2 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. చిన్న స్క్రూడ్రైవర్‌తో అంత రాదు, కొస వెడల్పు స్క్రూ గాడికి సరిపోయేది వాడండి. ఎర్త్ బోల్టుకు రంగు గీకి, రింగు పక్కన పళ్ల వాషర్ వేయండి.

మంచి నొక్కుడును ఎలా గుర్తించాలి

నొక్కిన లగ్గు నిటారుగా ఉండాలి. అరటిపండులా వంగితే దవడలు సరిగ్గా కలవడం లేదు. పక్కల రెక్కల్లా రాగి పొంగుకొస్తే డై చిన్నది, లేదా వైరు పెద్దది. అందులో పోగులు కొంత కోసుకుపోయి ఉంటాయి. నొక్కిన తర్వాత కూడా వైరు లోపల తిరిగితే డై పెద్దది, లేదా లగ్గు పెద్దది. సైజు లేదని రెండున్నర వైరుకు పసుపు లగ్గు వేసి వైరు కొస మడిచి దూర్చడం మన దగ్గర బాగా ఉన్న అలవాటు. మడిచిన పోగుల మధ్య సందు ఉంటుంది, అది రోజూ వేడికి సాగి, చలవకు ముడుచుకుని పెద్దదవుతుంది. ఇలాంటి పని కనపడితే ఒప్పుకోవద్దు.

కొత్త టూలు, కొత్త పెట్టె లగ్గులు వచ్చినప్పుడు అసలు పని మొదలెట్టే ముందు లాగుడు పరీక్ష చేయండి. రింగ్, ఫోర్క్ లగ్గులకు ఐఈసీ 60352-2 ప్రమాణం ప్రకారం ఒకటిన్నర వైరు నొక్కుడు 150 న్యూటన్లు, రెండున్నర 230, నాలుగు 310 తట్టుకోవాలి. అంటే సుమారు 15, 23, 32 కిలోల బరువు. ఇంట్లో దీనికి 20 లీటర్ల మంచినీళ్ల క్యాను చాలు. నిండు క్యానుతో పాటు రెండు 2 లీటర్ల నీళ్ల సీసాలు కడితే రెండున్నర వైరు పరీక్షకు సరిపోతుంది. రింగును గట్టి మేకుకు తగిలించి, వైరుకు బరువు కట్టి, నేలకు బెత్తెడు ఎత్తులో ఒక నిమిషం వేలాడనివ్వండి. కింద కాళ్లు పెట్టొద్దు. జారినా, తెగినా ఆ జత పనికిరాదు. ఫెర్రూల్‌కు ఇంత బలం అక్కర్లేదు, ఎందుకంటే పైన స్క్రూ కూడా నొక్కుతుంది. చేత్తో గట్టిగా గుంజితే రాకపోతే చాలు.

ఇంకొకదాన్ని నొక్కిన చోట హాక్సాతో అడ్డంగా కోసి, ఆకురాయి పెట్టి నునుపు చేసి భూతద్దంతో చూడండి. పోగులు గుండ్రటి ఆకారం పోయి పక్కపక్కన పలకలుగా అతుక్కుని ఉండాలి. గుండ్రటి పోగుల మధ్య నల్లటి చుక్కలు కనిపిస్తే అవి గాలి సందులు. పరీక్షించిన లగ్గులన్నీ పారేయండి, మళ్లీ డబ్బాలో వేయొద్దు.

గీజరు లోపల

గీజరు థర్మోస్టాట్‌కు ఉండేవి చాలావరకు 6.3 మి.మీ. చదును పిన్నులు, వాటికి తొడిగే ఆడ టెర్మినళ్లు. అక్కడ పీవీసీ తొడుగున్న నీలం టెర్మినల్ వేస్తే కరిగి కారుతుంది. తొడుగులేని టెర్మినల్ నొక్కి, దాని మీద ఫైబర్‌గ్లాస్ స్లీవ్ వేయండి. వైరు కూడా ఎక్కువ వేడి తట్టుకునే రకమే ఉండాలి. వదులైన పాత టెర్మినల్‌ను ప్లేయర్‌తో నొక్కి బిగించడం వద్దు. ఒకసారి వేడెక్కిన ఇత్తడి స్ప్రింగ్ బిగువు తిరిగి రాదు. పిన్ను కూడా నల్లబడి ఉంటే థర్మోస్టాటే మార్చాలి.

అల్యూమినియం కేబుల్ అయితే

మీటరు నుంచి పై అంతస్తుల ఫ్లాట్లకు వెళ్లే కేబుళ్లు, గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లాంటి చోట్ల కంప్రెసర్లకు వెళ్లే ఆర్మర్డ్ (ఇనుప కవచం ఉన్న) కేబుళ్లు చాలావరకు అల్యూమినియం. దానికి అల్యూమినియం లగ్గే వేయాలి. అవతల రాగి బస్‌బార్ ఉంటే గొట్టం అల్యూమినియం, రేకు రాగి ఉన్న బైమెటల్ లగ్గు వేయాలి. రాగి లగ్గులో అల్యూమినియం పెట్టి తేమ తగిలితే అల్యూమినియం తెల్లటి పొడిగా తినేసుకుపోతుంది. కృష్ణ ఒడ్డు గాలిలో తేమకు కొదవ లేదు.

అల్యూమినియం మీద ఆక్సైడ్ క్షణాల్లో కడుతుంది, ఆ పొర కరెంటును ఆపుతుంది. వైరు బ్రష్‌తో మెరిసేలా రుద్ది వెంటనే జాయింటింగ్ పేస్టు రాసి, లగ్గు లోపల కూడా పేస్టు ఉందని చూసి, ఆరు పలకల డైతో నొక్కండి. లగ్గు మీద, డై మీద ఒకే సైజు అంకె ఉండాలి. మూడు ఫేజుల మోటారుకు ఒక్క లగ్గు వదులైనా ఆ ఫేజు పోతుంది, మిగతా రెండు ఫేజుల మీద మోటారు లాగి వైండింగ్ కాలుతుంది. స్టార్టర్‌లో సింగిల్ ఫేజింగ్ రక్షణ ఉన్నా లగ్గుల పని చూడక తప్పదు.

నీళ్లు చేరిన బోర్డులు

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు బెజవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలా మునిగిన బోర్డు ఆరిపోయి లైటు వెలుగుతోందని వదిలేయకూడదు. నీరు పోగుల సందుల్లోంచి తొడుగు లోపలికి పాకుతుంది. అక్కడ రాగి నల్లగా, పచ్చగా మారుతుంది. నల్లబడిన పోగులు ఎంత మంచి లగ్గులో నొక్కినా నిరోధం తగ్గదు. పాత లగ్గులన్నీ కోసేయండి. తోలు కొద్దికొద్దిగా వెనక్కి తీస్తూ ఎర్రగా మెరిసే రాగి వచ్చేదాకా వెళ్లండి. అంత వెనక్కి వెళితే వైరు బోర్డుకు అందకపోతే గోడలో అతుకు వేయొద్దు, ఆ ముక్క మొత్తం మార్చండి. మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు తుడిచి వాడేవి కావు, కొత్తవి వేయండి.

లోడు పెట్టి చూడండి

కరెంటు ఇచ్చిన రోజే గీజరు, ఏసీలు, మోటారు అన్నీ వేసి గంటసేపు నడపండి. గీజరులో వేడినీళ్లు వదులుతూ ఉండండి, లేకపోతే అది మధ్యలో ఆగిపోతుంది. లోపలి మూత తీసి చూడాల్సి వస్తే అది వైర్‌మన్ పని. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే మెరిసే రాగి మీద పెట్టకండి, మెరిసే లోహం మీద అది తక్కువ చూపిస్తుంది. లగ్గు పక్కనే వైరు తొడుగు మీద చూడండి, లేదా కరెంటు లేనప్పుడు ముందుగా నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడండి. ఒకే లోడు మోస్తున్న రెండు కొసలను పోల్చాలి. ఏసీ ఎంసీబీ ఫేజ్ కొస 42 చూపించి, అదే ఏసీ న్యూట్రల్ కొస 58 చూపిస్తే ఆ న్యూట్రల్‌లో లోపం ఉంది. తేడా 15 డిగ్రీలు దాటితే ఆ రోజే మెయిన్ ఆపి విప్పించండి. అయిదారు డిగ్రీల తేడా ఉంటే ముందు స్క్రూ బిగువు చూసి, మళ్లీ గంట లోడు పెట్టి కొలవండి. అయినా తగ్గకపోతే ఆ లగ్గును మళ్లీ నొక్కొద్దు. వెనక నుంచి కోసేసి, కొత్త రాగి మీద కొత్త లగ్గు వేయండి.